ఉప్పు ఎటు పోయింది? సముద్రం అడుగు ఊటలపై మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో సముద్రం అడుగున నల్లటి పొగలా ఎగజిమ్మే వేడి నీటి ఊటల గురించి రాశాం. ఒక ఊట నీటిలో సముద్రంలో ఉన్న ఉప్పులో పదో వంతు కూడా లేదనీ, ఇంకో ఊటలో దాదాపు రెట్టింపు ఉందనీ అందులో ఒక వాక్యం ఉంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. పట్టుకోవాల్సిన వాక్యం కూడా అదే.

*

ప్రశ్న: రెండు ఊటల్లోకీ దిగేది ఒకే సముద్రపు నీరు. మరి ఉప్పులో అంత తేడా ఎక్కడ వచ్చింది? రాయి ఉప్పును పీల్చుకుంటుందా?
– బీఎస్సీ విద్యార్థిని, శ్రీకాళహస్తి

జవాబు: రాయి పీల్చుకోదు. ఈ విషయమంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

సముద్రపు నీటిలో కిలోకు సుమారు 545 మిల్లీమోళ్ల క్లోరైడ్ (ఉప్పులోని క్లోరిన్ అయాన్; మిల్లీమోల్ అంటే అయాన్ల సంఖ్యను లెక్కించే కొలత) ఉంటుంది. ఆ నీరు పగుళ్ల వెంట కిలోమీటరు, రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, శిలాద్రవం దాపున కాగి పైకి వస్తుంది. దారిలో బసాల్ట్ రాయి (శిలాద్రవం గడ్డకట్టిన నల్ల రాయి) దాన్ని దాదాపు పూర్తిగా మార్చేస్తుంది. కిలోకు 53 మిల్లీమోళ్లున్న మెగ్నీషియం ఇంచుమించు సున్నాకు పడిపోతుంది. అది హైడ్రాక్సైడ్‌ను వెంటబెట్టుకుని క్లోరైట్, స్మెక్టైట్ లాంటి ఖనిజాల్లో చేరుతుంది, హైడ్రోజన్ అయాన్లు నీటిలో మిగిలిపోతాయి, నీరు ఆమ్లంగా మారుతుంది. పైకి తెచ్చి గది ఉష్ణోగ్రత దగ్గర కొలిస్తే పీహెచ్ 3, 4 మధ్య ఉంటుంది. 28 మిల్లీమోళ్ల సల్ఫేట్ దాదాపు అంతా పోతుంది. సోడియం కొంత ఫెల్‌స్పార్‌లో చేరి, దాని బదులు కాల్షియం నీటిలోకి వస్తుంది. క్లోరైడ్‌కు మాత్రం అక్కడ ఇల్లు లేదు. దాన్ని చెప్పుకోదగ్గంతగా ఇముడ్చుకునే ఖనిజం ఆ వేడిలో ఉండదు, బసాల్ట్‌లో కలపడానికి క్లోరిన్ కూడా పెద్దగా లేదు. అయినా ఊటల్లో కొలిస్తే కిలోకు 30 మిల్లీమోళ్ల నుంచి 1,000 దాటేదాకా కనబడుతోంది. అంటే ఆ నీరు భూమి లోపలే రెండు ముక్కలైంది. ఉప్పు తక్కువున్న ఆవిరి ఒకటి, ఉప్పు చిక్కబడిన ద్రవం ఒకటి.

ఈ చీలిక రెండు రకాలుగా జరుగుతుంది. సముద్రపు నీటికి క్రిటికల్ పాయింట్, అంటే ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే హద్దు, సుమారు 407 డిగ్రీలు, 298 బార్ (బార్ పీడనం కొలమానం). మంచినీటికైతే 374 డిగ్రీలు, 221 బార్; ఉప్పు వల్లే అది పైకి జరిగింది. పీడనం 298 బార్ కంటే తక్కువున్న చోట నీరు మామూలుగానే మరుగుతుంది, ఆవిరి లేస్తుంది, ఉప్పు ద్రవంలో మిగులుతుంది. అంతకంటే ఎక్కువ పీడనంలో జరిగేది దానికి తలకిందులు. అప్పటికే ద్రవమూ ఆవిరీ తేడా లేని ఒకే పదార్థంగా ఉన్న నీటిలోంచి చిక్కటి ఉప్పునీటి చుక్కలు విడివడి కిందికి దిగుతాయి. ఇక్కడ ఆవిరి అంటే గిన్నె మీద లేచే పలుచటి ఆవిరి అనుకోవద్దు. రెండు మూడు వందల బార్ల కింద నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి అది కూడా కొంత ఉప్పు మోస్తుంది. 30 మిల్లీమోళ్ల ఊట ఉంది గానీ సున్నా ఊట లేకపోవడానికి కారణం అదే.

తేలికగా ఉండే ఆవిరి ముందు పైకి వస్తుంది. బరువైన ఉప్పునీరు పగుళ్ల అడుగున ఆగి తర్వాత మెల్లగా బయటపడుతుంది. ఇది ఊహ కాదు, కళ్లెదుట జరిగింది. తూర్పు పసిఫిక్ శిఖరశ్రేణిలో 9 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర 1991లో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలింది. అదే శ్రేణిలో ఇంకాస్త దక్షిణాన, 9 డిగ్రీల 17 నిమిషాల దగ్గర, ఎఫ్ అనే పేరు పెట్టిన ఊటలో ఆ ఏడాది క్లోరైడ్ 50 మిల్లీమోళ్ల లోపే ఉంది. 1994లో అదే ఊటలో 800 దాటింది. అదే రంధ్రం, అవే రాళ్లు. ముందు ఆవిరి, తర్వాత అడుగున ఆగిన ఉప్పునీరు.

ఇక లోహాలు. 25 డిగ్రీల దగ్గర నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (అయాన్ల మధ్య ఆకర్షణను నీరు ఎంత తగ్గించగలదో చెప్పే అంకె) 78 దాకా ఉంటుంది; 350 డిగ్రీలు దాటాక 20 లోపుకు పడిపోతుంది. అయాన్లను విడివిడిగా పట్టుకోగల శక్తి నీటికి అప్పుడు ఉండదు. ఇనుము, జింక్, రాగి క్లోరైడ్‌తో జతకట్టి తిరుగుతాయి. కాబట్టి క్లోరైడ్ ఎటు ఎక్కువ పోతే లోహాలూ అటే పోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ ఆవిరిలోకి పోతాయి. కొత్తగా ఒక ఊట విశ్లేషణ చేతికొస్తే మేం మొదట చూసేది క్లోరైడ్ అంకె. అది తెలియకుండా ఇనుము ఎక్కువుందనో తక్కువుందనో చెప్పడంలో అర్థం లేదు.

*

ప్రశ్న: 400 డిగ్రీల నీరు బయటికి రాగానే భగ్గున ఆవిరి కావాలి కదా?
– పదో తరగతి విద్యార్థి, నగరి

జవాబు: పైనున్న నీటి బరువు కానివ్వదు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక బార్ పీడనం పెరుగుతుంది. 2,500 మీటర్ల లోతులో 250 బార్లు; అక్కడ సముద్రపు నీరు మరగాలంటే 385 డిగ్రీలు దాటాలి. అట్లాంటిక్‌లో 5 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర టర్టిల్ పిట్స్ అనే చోట, దాదాపు 3,000 మీటర్ల లోతులో, 407 డిగ్రీలు కొలిచారు. పైన చెప్పిన క్రిటికల్ పాయింట్ లెక్కతో పోల్చి చూడు, అది సరిగ్గా ఆ గీత మీదే ఉంది.

*

ప్రశ్న: మా బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. ఊటల చుట్టూ పెరిగే గొట్టాలు కూడా ఇలాంటివేనా?
– గృహిణి, పుత్తూరు

జవాబు: మొదలు అలాంటిదే అమ్మా. వేడెక్కితే కరగాల్సింది పోయి పేరుకుపోవడం రెండు చోట్లా ఉంది. పదార్థం మాత్రం వేరు. మీ కాయిల్ మీదిది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్ పోస్తే నురగ కక్కి కరుగుతుంది. ఊట దగ్గరిది కాల్షియం సల్ఫేట్, అంటే అన్‌హైడ్రైట్. దానికి వెనిగర్ పోసినా లాభం లేదు, చల్లబడితే మాత్రం కరుగుతుంది. సముద్రపు నీటిని 150 డిగ్రీలకు కాస్తే అందులోని కాల్షియం, సల్ఫేట్ అన్‌హైడ్రైట్‌గా గడ్డకడతాయి.

ఊట నోటి చుట్టూ వేడి నీరు చల్లటి సముద్రాన్ని తాకే అంచున ముందు ఈ తెల్లటి గోడ లేస్తుంది, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున. ఆ గోడ చాటున లోపల వేడి నిలుస్తుంది. అప్పుడు లోపలి వైపు ఇత్తడి రంగు చాల్కోపైరైట్ (రాగి, ఇనుము ఉన్న సల్ఫైడ్), బయటి వైపు జింక్, ఇనుప సల్ఫైడ్లు పేరుకుంటాయి. గోడ కట్టకుండా నీటిలో కలిసిపోయిన సల్ఫైడ్ రవ్వలే మనకు నల్లటి పొగలా కనబడతాయి. ఊట ఆరిపోయి గొట్టం చల్లబడ్డాక అన్‌హైడ్రైట్ కరిగిపోతుంది, గొట్టం కూలుతుంది. పాత ఊటల చోట నిలువు గొట్టాల కన్నా సల్ఫైడ్ గుట్టలే ఎక్కువ ఉండడానికి ఇదొక కారణం.

*

ప్రశ్న: అంత లోతు నుంచి తెచ్చిన సీసాలో ఊట నీరే ఉందని, పక్కనున్న సముద్రపు నీరు కలవలేదని ఎలా నమ్ముతారు?
– రిటైర్డ్ సైన్స్ టీచర్, చిత్తూరు

జవాబు: కలవలేదని ఎవరూ నమ్మరండీ. ఎంత కలిసిందో లెక్క కడతారు. మెగ్నీషియం ఇక్కడ పనికొస్తుంది. లోతున కాగిన నీటిలో అది దాదాపు సున్నా కాబట్టి, సీసాలో ఉన్నదంతా కలిసిన సముద్రపు నీటిదే.

ఒక లెక్క వేసి చూద్దాం. సీసాలో మెగ్నీషియం 10.6, క్లోరైడ్ 860 మిల్లీమోళ్లు వచ్చాయనుకోండి. 10.6ను 53తో భాగిస్తే 0.2, అంటే సీసాలో అయిదో వంతు సముద్రపు నీరే. దాని వాటా క్లోరైడ్ 545లో అయిదో వంతు, 109. 860లోంచి 109 తీస్తే 751. దాన్ని 0.8తో భాగిస్తే 939. అసలు ఊట నీటి క్లోరైడ్ అదీ. లెక్క కట్టకుండా 860నే రాసుకుంటే దాదాపు 80 మిల్లీమోళ్లు తప్పిపోయేవాళ్లం.

సీసాలు టైటానియంవి. స్టీలు వాడితే వేడి ఆమ్ల నీరు దాన్ని తింటుంది, ఆ ఇనుము కొలతలో కలుస్తుంది. స్ప్రింగుతో లాగే పెద్ద సిరంజి లాంటివి, సుమారు 750 మి.లీ. పడతాయి. ముక్కును రంధ్రం లోపలికి దూర్చి, పక్కనే థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) పెట్టి, వేడి నిలకడగా ఉందని చూశాకే మీట వదులుతారు. తొందరపడి వేగంగా లాగితే చుట్టూ ఉన్న చల్లటి నీరు లోపలికి దూరుతుంది. ఒకే ఊటలో రెండు సీసాలు నింపడం ఆనవాయితీ. రెండిటి లెక్కా కట్టాక ఒకే అంకె రావాలి.

ఎక్కువ నష్టం జరిగేది పైకి తెచ్చాక. సీసా 2 డిగ్రీల నీటిలోంచి వస్తుంది, లోపల కరిగి ఉన్న లోహాలు సల్ఫైడ్లుగా అడుగున నల్లటి మడ్డిలా దిగిపోతాయి. తేట నీటిని మాత్రం పరీక్షించి ఊరుకుంటే రాగి, జింక్ ఉన్నదానికంటే తక్కువ కనబడతాయి. అందుకే మడ్డిని ఫిల్టర్ మీద పట్టి, సీసాను కూడా ఆమ్లంతో కడిగి, కరిగించి, ఆ లెక్కను తేట నీటి లెక్కకు కలపాలి. సిలికా విషయం ఇంకా తొందర. ఊట నీటిలో సాధారణంగా 15 నుంచి 20 మిల్లీమోళ్లుండే సిలికా చల్లారాక గొలుసులు కట్టేసి కొలతకు అందదు. ఓడ మీదే, సీసా విప్పగానే, స్వచ్ఛమైన నీటితో బాగా పలుచన చేసి పెట్టాలి. వాయువులైతే ఈ సీసాల్లో నిలవవు. పైకి వస్తుంటే పీడనం తగ్గి తప్పించుకుంటాయి, వాటికోసం పీడనాన్ని నిలబెట్టే వేరే సీసాలున్నాయి.

*

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో ఈ క్లోరైడ్ లెక్క పిల్లలతో చేయించాలి. కొలతలతో సహా చెప్పగలరా?
– కెమిస్ట్రీ లెక్చరర్, పలమనేరు

జవాబు: తప్పకుండా. మోర్ టైట్రేషన్ చాలు, అంటే క్లోరైడ్ అంతా అవక్షేపమయ్యేదాకా సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి కొలవడం. ఊట నీటి క్లోరైడ్‌ను పరిశోధకులు కూడా సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్‌తో కొలిచారు.

మూడు నమూనాలు పెట్టుకోండి. మొదటిది లీటరుకు 3 గ్రాముల ఉప్పు కలిపింది. ఆవిరి వాటాకు నకలు, లీటరుకు సుమారు 51 మిల్లీమోళ్లు. రెండోది అసలు సముద్రపు నీరు. మూడోది లీటరుకు 55 గ్రాములది, చిక్కటి వాటాకు నకలు, సుమారు 941 మిల్లీమోళ్లు. సముద్రపు నీరు వాకాడు దగ్గర తూపిలిపాళెం నుంచి తెప్పించుకోవచ్చు. పులికాట్ నీరు వద్దు, అక్కడ ఉప్పు కాలాన్ని బట్టి విపరీతంగా మారుతుంది. బంగాళాఖాతంలో కూడా వానలయ్యాక నదుల నీరు కలిసి ఒడ్డున ఉప్పు తగ్గుతుంది. కాబట్టి తెచ్చిన నెల సీసా మీద రాయించండి, పుస్తకంలో అంకె రాలేదని పిల్లలు కంగారు పడకుండా.

సిల్వర్ నైట్రేట్ 2.12 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గీత దాకా నింపితే 0.05 మోలార్. ముదురు రంగు సీసాలో, వెలుగు పడకుండా ఉంచండి. 110 డిగ్రీల్లో గంటసేపు ఆరబెట్టిన సోడియం క్లోరైడ్ 0.73 గ్రాములు ఇంకో 250 మి.లీ.లో కరిగించి, దానితో సిల్వర్ నైట్రేట్ గాఢతను సరిచూసుకోవాలి. సూచిక 5 శాతం పొటాషియం క్రోమేట్, ఒక్కో టైట్రేషన్‌కు 1 మి.లీ.

సముద్రపు నీరు, చిక్కటి నమూనా రెండింటినీ పది రెట్లు పలుచన చేయండి: 10 మి.లీ. పిపెట్‌తో తీసి 100 మి.లీ. ఫ్లాస్క్‌లో నింపడం. అందులోంచి 10 మి.లీ. కోనికల్ ఫ్లాస్క్‌లోకి తీసి, 50 మి.లీ. దాకా డిస్టిల్డ్ వాటర్ కలిపి, తెల్ల టైల్ మీద పెట్టి టైట్రేట్ చేయండి. పసుపు రంగు ద్రవంలో తెల్లటి పాలలాంటి అవక్షేపం వస్తుంది. బ్యూరెట్ చుక్క పడ్డచోట ఎరుపు మెరిసి, ఊపగానే పోతుంటుంది. ఆ ఎరుపు పోవడం నెమ్మదించిందంటే దగ్గరికొచ్చినట్టు, అక్కడి నుంచి చుక్క చుక్కగా వేయాలి. పలచటి ఇటుక రంగు అర నిమిషం నిలిస్తే ఆపండి. ముదురు ఎరుపు దాకా పోతే దాటేసినట్టే.

పూర్తి ఉప్పున్న సముద్రపు నీటికి సుమారు 11.2 మి.లీ. పడుతుంది. 11.2ను 0.05తో గుణించి 10తో భాగించి, పలుచన చేసిన 10 రెట్లతో గుణిస్తే లీటరుకు 0.56 మోళ్లు. నీటి సాంద్రత 1.024తో భాగిస్తే కిలోకు 547 మిల్లీమోళ్లు. చిక్కటి నమూనాకు 18.8 మి.లీ. దగ్గర రావాలి. ఆవిరి నమూనాను మాత్రం పలుచన చేయొద్దు. చేస్తే 1 మి.లీ. దగ్గరే అయిపోతుంది, 0.1 మి.లీ. పొరపాటు పది శాతం తప్పవుతుంది. నేరుగా 10 మి.లీ. తీసుకుంటే 10.3 వస్తుంది. నమూనా లేకుండా, చిటికెడు కాల్షియం కార్బొనేట్ వేసిన డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి చేసి, ఆ 0.1 లేదా 0.2 మి.లీ.ని అన్ని అంకెల్లోంచీ తీసేయండి.

ఊట నీరు ఆమ్లం కదా, ఆ చిక్కు కూడా పిల్లలకు చూపించడం మంచిది. ఒక నమూనాలో రెండు చుక్కలు సజల నైట్రిక్ ఆమ్లం వేసి చూడమనండి. క్రోమేట్ డైక్రోమేట్‌గా మారి ద్రవం నారింజ రంగుకు తిరుగుతుంది, ఎరుపు సమయానికి రాదు, అంకె ఎక్కువొస్తుంది. సోడియం బైకార్బొనేట్ చిటికెడు చిటికెడుగా వేసి పీహెచ్ 7, 8 మధ్యకు తెస్తే సర్దుకుంటుంది. 10 దాటితే వెండి గోధుమ రంగు ఆక్సైడ్‌గా దిగుతుంది, అదీ తప్పే. అసలు ఊట నీటిలో ఇంకో అడ్డం హైడ్రోజన్ సల్ఫైడ్. అది వెండిని నల్లటి సల్ఫైడ్‌గా లాగేసుకుంటుంది. కొద్దిగా క్షారం చేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, మిగిలిన పెరాక్సైడ్‌ను మరిగించి పోగొట్టి, చల్లారాక టైట్రేట్ చేస్తారు. ఇది నోటితో చెప్పండి చాలు, తరగతిలో ఆ విషవాయువు తయారు చేయొద్దు.

క్రోమేట్ క్యాన్సర్ కారకం. చేతులకు గ్లవుజులు ఉండాలి, పిపెట్‌ను నోటితో పీల్చనివ్వకూడదు, మిగిలిన ద్రావణం సింకులో పోయకుండా వేరే డబ్బాలో పట్టాలి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే నల్ల మచ్చ రోజుల తరబడి పోదు.

*

ప్రశ్న: కుప్పం పక్కన చిగురుగుంట బంగారం కూడా ఒకప్పటి సముద్రం అడుగు ఊటల నుంచి వచ్చిందేనా?
– ఐటీఐ విద్యార్థి, కుప్పం

జవాబు: రాయి సముద్రం అడుగుదే, బంగారం మాత్రం ఆ ఊటలది కాదు. మీ ప్రాంతం కోలార్ శిలాపట్టీలోది. సుమారు 270 కోట్ల ఏళ్ల నాడు నీటి అడుగున పొంగిన బసాల్ట్ తర్వాత నలిగి, కాగి రూపు మారింది. బంగారం ఆ నలుగుడులో పడిన పగుళ్ల వెంట, లోతు నుంచి వచ్చిన వేడి ద్రవాలతో చేరింది. ఆ ద్రవాల్లో ఉప్పు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. అలాంటి నీటిలో బంగారం క్లోరైడ్‌తో కాదు, సల్ఫైడ్‌తో జతకట్టి ప్రయాణిస్తుంది. రాగి, జింక్ మోయాలంటే ఉప్పు కావాలి, ఈ బంగారానికి అక్కర్లేదు. అందుకే ఇలాంటి గనుల్లో బంగారం బాగా ఉన్నా రాగి, జింక్ చెప్పుకోదగ్గంతగా ఉండవు.

*

ప్రశ్న: ఉప్పు ఎక్కువుందంటే అక్కడ నీరు మరిగి విడిపోయినట్టేనా?
– ఎమ్మెస్సీ జియాలజీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ప్రతిసారీ కాదు. ఎర్ర సముద్రం అడుగున, రెండు వేల మీటర్ల లోతులో అట్లాంటిస్-2 అనే గుంట ఉంది. అందులో 60 డిగ్రీలు దాటిన నీరు, సముద్రం కంటే సుమారు ఏడు రెట్ల ఉప్పుతో నిలిచి ఉంది. ఆ ఉప్పు మయోసీన్ అనే పాత భూయుగంలో సముద్రం ఎండి పేరుకున్న ఉప్పు పొరల నుంచి కరిగి వచ్చింది. రెంటినీ వేరు చేయడానికి బ్రోమైడ్ చూడండి. మామూలు మరగడంలో బ్రోమైడ్, క్లోరైడ్ రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో చీలుతాయి, సముద్రపు నిష్పత్తి అలాగే నిలుస్తుంది. రాతి ఉప్పు స్ఫటికంలో బ్రోమైడ్‌కు చోటు తక్కువ, కాబట్టి అది కరిగిన నీటిలో నిష్పత్తి పడిపోతుంది. ఊట లోపల ఉప్పు స్ఫటికాలుగా దిగితే, మిగిలిన నీటిలో నిష్పత్తి పెరుగుతుంది. సముద్రపు నీటిలో బ్రోమైడ్ కిలోకు 0.84 మిల్లీమోళ్లే. దాన్ని కొలవడానికి మోర్ టైట్రేషన్ పనికిరాదు, అయాన్ క్రోమటోగ్రఫీ (అయాన్లను ఒక్కొక్కటిగా విడదీసి కొలిచే పద్ధతి) కావాలి.

*

ప్రశ్న: మన హిందూ మహాసముద్రంలో ఇలాంటివి ఉన్నాయా? మనవాళ్లు చూశారా?
– ఇంటర్ విద్యార్థిని, పుంగనూరు

జవాబు: ఉన్నాయి, చూశారు. రోడ్రిగ్స్ దీవికి ఆగ్నేయంగా, మూడు ఫలకాలు కలిసే చోటుకు దగ్గర్లో కైరేయ్ ఊటలు 2000లో, ఎడ్మండ్ ఊటలు 2001లో బయటపడ్డాయి. కైరేయ్‌లో క్లోరైడ్ సముద్రం కంటే కాస్తే ఎక్కువ. ఎడ్మండ్‌లో 930 మిల్లీమోళ్ల దగ్గర ఉంది, 380 డిగ్రీల వేడితో. పై జవాబులన్నీ చదివావు గనుక ఎడ్మండ్ నీటిలో ఇనుము ఎందుకు ఎక్కువో నువ్వే చెప్పగలవు. కైరేయ్ దగ్గరే పాదం మీద ఇనుప సల్ఫైడ్ పొలుసులున్న నత్త దొరికింది.

మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర శిఖరశ్రేణుల్లో 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడ్ నిక్షేపాలు వెతకడానికి అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో భారత్ 2016లో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), గోవాలోని ఎన్‌సీపీఓఆర్ (జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు సాగర్ నిధి ఓడ నుంచి మనుషులు లేని జలాంతర యంత్రాన్ని దింపి, 4,500 మీటర్ల లోతులో పనిచేస్తున్న ఊటను ఫొటో తీశారు. ముగ్గురు మనుషులను 6,000 మీటర్లకు దింపే జలాంతర వాహనం మత్స్య 6000 కూడా ఎన్ఐఓటీ కడుతున్నదే. ఆ సంస్థ పళ్ళికరణైలో ఉంది, పుంగనూరు నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. ఆ దారిలో పోవాలనుంటే ఇంటర్ తర్వాత కెమిస్ట్రీ గానీ జియాలజీ గానీ తీసుకో, ప్రాక్టికల్ క్లాసులు ఎగ్గొట్టకు.